మూడు సంచులు తెరిచి ఆరు అని రాసిన రోజు

నా నోటి సంగతి

టెక్సస్‌లోని ప్లేనోలో మా వాళ్ళెవరినైనా అడగండి, హైమావతి చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలంటారు. అది అన్యాయం. మూడొంతులు తీసేయాలి. చైనా నుంచి వచ్చిన మూలికల సంచిలో నాకు ఒకసారి ఎండిపోయిన బల్లి దొరికింది. జానెడు కూడా లేదు. దసరా పార్టీలో అది ఉడుమైంది. దీపావళికి ప్రాణం పోసుకుంది. ఉగాది నాటికి నన్ను గోడౌన్ చుట్టూ రెండు రౌండ్లు తరిమింది. ఇంకో ఏడాది పార్టీలకు పిలిస్తే దానికి రెక్కలు కూడా వచ్చేవి.

ఈ కాగితాల్లో ఉన్నది మాత్రం ఏమీ తీసేయకుండా చదవండి.

ఇరవై ఆరేళ్ళు నేను చేసిన పని మూలికలను గుర్తుపట్టడం. సంచి మీద రాసి ఉన్న పేరు, సంచిలో ఉన్న వేరు ఒకటేనా? అంతే పని. ఆకులో వేళ్ళో బెరడో వస్తాయి. చూసి, వాసన చూసి, విరిచి, పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి, అవునో కాదో రాసి సంతకం పెట్టాలి. ఈ మధ్య ఈ పనిలోకి మన పిల్లలు చాలామంది వస్తున్నారు. బాటనీ చదివినవాళ్ళు, ఫార్మసీ చదివినవాళ్ళు. "ఏ మెషీన్ మంచిది ఆంటీ?" అని అడుగుతారు. మెషీన్ల గురించి కంపెనీవాళ్ళే కావలసినంత చెబుతారు. నేను నా తప్పు ఒకటి చెబుతాను.

చలవ చేసే వేరు

మా ల్యాబ్ పెద్ద వాంగ్ గారు. నేను చేరేనాటికే అరవై దాటాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మూలికల కొట్లో వేళ్ళు ఏరిన మనిషి. చేరిన వారంలోనే ఆయన ఒక పళ్ళెంలో బూడిదరంగు బిళ్ళలు పోసి నా ముందు పెట్టి, "ఇది శరీరాన్ని చల్లబరుస్తుంది" అన్నారు. నా పక్కన కూర్చునే డెబ్బీ, టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, "ఎన్ని డిగ్రీలు?" అని అడిగింది. వాంగ్ గారు నావైపు చూశారు. నాకు నవ్వొచ్చింది. మామిడిపండ్లు ఎక్కువ తింటే సెగ్గడ్డ లేస్తుందనీ, సబ్జా గింజలు నానబెట్టి తాగితే దిగుతుందనీ తెలిసిన ఇంట్లో పుట్టినదానికి చలవంటే ఏమిటో వేరే పాఠం అక్కరలేదు. ఆ రోజు నుంచి ఆయన నాకు పని నేర్పారు.

ఆ బిళ్ళలు ఫాంగ్ జీ అనే తీగ వేరువి. మన తిప్పతీగకు దగ్గర చుట్టం. అడ్డంగా కోస్తే ఎడ్లబండి చక్రం ఆకుల్లాగా గీతలు కనిపిస్తాయి. మోకాళ్ళు వాచి నీరు చేరినవాళ్ళకు చైనా వైద్యులు దాన్ని కషాయం పెట్టి ఇస్తారు.

చిక్కేమిటంటే, కోస్తే అలాంటి చక్రమే కనిపించే వేరు ఇంకొకటి ఉంది. అది మన గాడిదగడపాకు, ఈశ్వరి వేరు కులానికి చెందింది. పొరపాటునో, ధర కోసమో దీంట్లో అది కలుస్తుంది. తాగినవాళ్ళకు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మూత్రపిండాలు లోపల్లోపల ఎండిపోతూ వస్తాయి. తెలిసేసరికి డాక్టర్లు చేయగలిగింది పెద్దగా మిగలదు. అందుకే దాన్ని ఈ దేశంలోకి రానివ్వరు. రానివ్వకుండా చూసేందుకే మాలాంటివాళ్ళకు జీతం.

వాంగ్ గారు తిట్టేవారు కాదు. చేతి మీద చిన్నగా కొట్టేవారు. "వేరు అబద్ధం చెప్పదు. సంచి చెబుతుంది. అందుకే సంచులు తెరువు" అనేవారు. ఎన్ని తెరవాలో లెక్క ఉంది. పాతిక సంచులొస్తే ఆరు. ముందు వరసలోవి రెండు, మధ్యలోవి రెండు, గోడవారవి రెండు. అమ్మేవాడికి కూడా మన బద్ధకం తెలుసు కదా, ముందు వరసలో ఎప్పుడూ మంచి సరుకే పెడతాడు.

ఫోర్క్‌లిఫ్ట్ వెళ్ళిపోయింది

తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆగస్టు. గోడౌన్‌లో ఏసీ లేదు. రేకుల కప్పు కింద నిలబడితే అప్పడాలు వేగుతాయి. ఫాంగ్ జీ పాతిక సంచులు వచ్చాయి. గోడవారవి తీయాలంటే ఫోర్క్‌లిఫ్ట్ కావాలి. దాన్ని నడిపే హోసే ఇవతలకు వచ్చి, "తీయమంటావా హైమా?" అన్నాడు.

"ఒక్క నిమిషం, ముందు ఇది విను" అన్నాను.

ఉడుము కథ మొదలుపెట్టాను. హోసే స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వుతున్నాడు. ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. వినేవాళ్ళుంటే నాకు ఒళ్ళు తెలియదు. ఉడుము రెండో రౌండ్ తిరుగుతుండగా బయట లారీ హారన్ కొట్టింది. హోసే కళ్ళు తుడుచుకుంటూ బండి తిప్పుకుని పోయాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. చెమట కళ్ళలోకి కారుతోంది.

ముందు వరసలో మూడు సంచులు తెరిచాను. ముక్కలు చక్కగా ఉన్నాయి. పిండిగా విరిగాయి. ఆ మూడింటి నుంచే తీసి ఆరు కవర్లు నింపాను. వాటి మీద ఆరు సంచుల నంబర్లు వేశాను.

ఇరవై ఆరేళ్ళలో నేను ఆడిన వేల అబద్ధాల్లో కాగితం మీద పెట్టినది అదొక్కటే. దాని మీద సంతకం చేశాను.

మైక్రోస్కోప్‌లో సరిపోయింది. రసాయన పరీక్షలో కూడా సరిపోయింది. మెషీన్‌ది తప్పేమీ లేదు, మనం దాని నోట్లో ఏం పెడితే దాని గురించే చెబుతుంది. పాతిక సంచులూ పాసయ్యాయి. అక్కడి నుంచి వాటిని కొన్న డీలరు పొట్లాలు కట్టించి క్లినిక్‌లకు పంపాడు.

ఫ్రిస్కోలో కషాయం

అది జరిగిన ఏడు వారాలకు, ఒక శనివారం మధ్యాహ్నం, మా పక్క ఊరు ఫ్రిస్కోలో నా స్నేహితురాలు శిరీష ఇంటికి భోజనానికి వెళ్ళాను. శిరీష బ్యాంక్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. వాళ్ళమ్మ కమలమ్మ గారు ఆరు నెలలుండటానికి జగిత్యాల నుంచి వచ్చారు. ఆవిడకు మోకాళ్ళు వాపు. ప్లేనోలో సూదులు గుచ్చి వైద్యం చేసే చైనా డాక్టరమ్మ దగ్గరకు కూతురు తీసుకెళ్తోంది. "చలవ మందు ఇచ్చింది బిడ్డా, మన లెక్కనే చెప్పింది, మంచి మనిషి" అని కమలమ్మ గారు ఆ డాక్టరమ్మను మెచ్చుకునేవారు.

అన్నాలయ్యాక ఆవిడ గిన్నె పట్టుకొచ్చారు. అడుగున ఉడికిన బిళ్ళలున్నాయి.

"హైమా, నువ్వు వేళ్ళు చూసే పని చేస్తవు కదా, ఇది జర చూడు. ఇంతకుముందు ప్యాకెట్ల ముక్కలు కందగడ్డ లెక్క మెత్తగ ఉడికేటియి. ఇవి గంట ఉడకబెట్టినా గట్టిగనే ఉన్నయి. నాలుగు దినాల సంది ఇంతే."

ఒక ముక్క తీసి నొక్కాను. నొక్కు పడలేదు. ఎండు ముక్క ఒకటి అడిగి విరవబోయాను. రెండు చేతులూ పెడితే గానీ విరగలేదు. ప్యాకెట్ మీద స్టిక్కర్ చూశాను. ఏ విడత సరుకో చెప్పే లాట్ నంబర్ నాకు గుర్తుంది. ఆ సరుకును పాస్ చేసిన సంతకం నాదే.

"పిన్నిగారూ, సాయంత్రం కషాయం తాగకండి. నేను చూసి చెబుతాను."

శిరీష గిన్నెలు సర్దుతూ నవ్వింది. "ఏంటక్కా, దీంట్లో కూడా ఉడుము ఉందా? మమ్మీని భయపెట్టకు, షీ విల్ బిలీవ్ యూ!"

నేను నవ్వలేదు. నాలుగు ముక్కలు టిష్యూలో చుట్టుకుని కారెక్కాను.

మైక్రోస్కోప్ కింద

శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎవరూ లేరు. ముక్కను నీళ్ళలో నానబెట్టి, బ్లేడుతో పొరలు తీశాను. తొందరలో మొదటి రెండు పొరలు మందంగా వచ్చాయి. మూడోది సరిగ్గా వచ్చింది. స్లైడ్ మీద పెట్టి, పొర తేటపడే మందు చుక్క వేసి, మంట మీద వెచ్చచేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను.

అసలు ఫాంగ్ జీలో స్ఫటికాలు సన్నటి పుల్లల్లాగా, కనిపించీ కనిపించకుండా ఉంటాయి. రెండో వేరులో గుత్తులు గుత్తులుగా, ముళ్ళ బంతుల్లాగా ఉంటాయి. ప్రత్యేకమైన వెలుతురులో పెడితే నల్లటి ఆకాశంలో చుక్కల్లా మెరుస్తాయి.

లెన్స్ తిప్పాను. చుక్కలు మెరిశాయి.

మళ్ళీ కోశాను. మళ్ళీ అవే. నాలుగు ముక్కల్లో మూడు అలాంటివే. ఈ వృత్తిలో మీకు అందమైనవి చాలా కనిపిస్తాయి. అంత అందమైనదాన్ని చూసి కన్ను తిప్పేసుకోవడం నాకు అదే మొదటిసారి. కమలమ్మ గారు నాలుగు రోజులు, రోజుకు రెండు పూటలు తాగారు. ఆవిడకు ఇక్కడ సరైన ఇన్సూరెన్స్ కూడా లేదు. ఆవిడ కాక ఇంకా ఎంతమంది?

వెనక తలుపు చప్పుడైంది. వాంగ్ గారు. శనివారాలు కూడా వచ్చి తన పాత రిజిస్టర్లు చూసుకునే మనిషి.

వాంగ్ గారి ప్రశ్న

స్లైడ్ చూపించి, కమలమ్మ గారి సంగతీ ఆ డాక్టరమ్మ సంగతీ చెప్పాను. ఆయన చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక ఒకటే అడిగారు.

"ఎన్ని సంచులు తెరిచావు?"

"ఆరు" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట! నోరు తెరిచేలోగానే వచ్చేసింది. అలవాటు అంటే అది.

ఆయన తలూపి, మేం దాచిపెట్టే నమూనాలున్న గదిలోకి వెళ్ళి నా ఆరు కవర్లూ తెచ్చారు. ఒక్కొక్క దానిలోంచి ఒక్కొక్క ముక్క తీసి, కోసి, వరసగా చూశారు. డెబ్బై దాటిన ఆ చేతులు ఒక్క పొర కూడా మందంగా తీయలేదు. ఆరూ మంచివే.

"అయితే సంచుల్లో తప్పు లేదు. ఆ క్లినిక్‌లోనే కలిసి ఉండాలి. పొట్లాలు తిరిగి కట్టేటప్పుడు ఏదో కలిపింది. ఆ డాక్టరమ్మను ఆపిస్తే చాలు" అంటూ ఫోన్ తీశారు.

అప్పుడు నాకు అర్థమైంది ఏం జరగబోతోందో. ఆ డాక్టరమ్మ ఏ పాపమూ ఎరగదు. ఆమె క్లినిక్ మూతపడుతుంది. మిగిలిన క్లినిక్‌లకు ఎవరూ ఫోన్ చేయరు. గోడవార సంచుల్లోంచి వెళ్ళిన ప్రతి పొట్లం ఎక్కడో ఒక పొయ్యి మీద ఉడుకుతూనే ఉంటుంది. నా ఆరు కవర్లు సాక్ష్యం చెబుతాయి కనక.

ఆయన నంబర్ నొక్కుతున్నారు.

"మూడే" అన్నాను.

వేలు ఆగింది.

"మూడు సంచులే తెరిచాను. ముందు వరసవి. ఆ మూడింటినే ఆరు కవర్లలో పోశాను."

కేకలేస్తారనుకున్నాను. చేతి మీద కొడతారేమోననుకున్నాను, కొడితే బాగుండేది. ఆయన నా కవర్లను ఒక్కొక్కటీ బల్ల మీద బోర్లించారు, నంబర్లు కనిపించకుండా. "ఎందుకు?" అని కూడా అడగలేదు. అడిగితే ఉడుము కథ చెప్పాల్సి వచ్చేది.

"కూర్చో. డీలరు నంబర్ నేను చెబుతాను. నువ్వు చెప్పు, ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు. ఒక్క మాట ఎక్కువ వద్దు, ఒక్క మాట తక్కువ వద్దు."

చెప్పాను. డీలరు మొదట అరిచాడు, తర్వాత కాగితం తెమ్మని ఎవరినో కేకేశాడు. పాతిక సంచుల సరుకూ ఎక్కడెక్కడికి వెళ్ళిందో జాబితా తీస్తామన్నాడు. ప్రభుత్వం వాళ్ళకు వాంగ్ గారే ఫోన్ చేసి, నా పేరు, నా తప్పు రెండూ చెప్పారు. గొంతు మార్చలేదు.

మీకు ఒక మాట. మంచి పై అధికారి అంటే మన తప్పును కప్పిపుచ్చేవాడు అనుకుంటారు చాలామంది. అలాంటివాళ్ళ కింద కూడా పనిచేశాను. వాళ్ళ దగ్గర మనం ఏళ్ళు గడుపుతాం గానీ ఏమీ నేర్చుకోం.

సూట్‌కేసు

శిరీషకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కమలమ్మ గారు ఏడు గంటలకు కషాయం తాగుతారు. ఆరున్నరయింది. టోల్‌వే ఎక్కాను. ఎండ ఇంకా దిగలేదు, కారు అద్దం నిండా వెలుతురు. మెసేజ్ పెట్టాలన్నా ఏమని పెట్టను? నేను ఏం రాసినా శిరీష నవ్వే ఎమోజీ పెడుతుంది.

తలుపు కమలమ్మ గారే తీశారు.

"తాగారా?"

"తాగలే. మధ్యాహ్నం నువ్వు నవ్వకుండ చెప్పినవ్. నువ్వు నవ్వకుండ మాట్లాడంగ నేనెప్పుడు చూళ్ళే. అందుకే పొయ్యి మీద పెట్టలే."

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. "ఆ ప్యాకెట్ మొత్తం ఇలా ఇవ్వండి పిన్నిగారూ."

ఆవిడ తెచ్చారు. సగమే ఉంది.

"మిగతాది?"

"మా చెల్లె రాజమణికి పంపిన. దానికీ మోకాళ్ళ నొప్పులే కదా. మా వాడకట్టు పిలగాడు పోయిన ఆదివారం ఇండియా పోయిండు, వాని సూట్‌కేసుల పెట్టిన. మొన్ననే ఇచ్చిండంట."

శిరీష లోపలి నుంచి వచ్చింది. "మమ్మీ! ఎన్నిసార్లు చెప్పా, మందులు అలా పంపకూడదని!"

"అందరు పంపుతలేరా? నువ్వు నొప్పుల గోలీలు పంపలే మీ అత్తకు?"

అమెరికా మందును సూట్‌కేసులో పంపి అక్కాచెల్లెళ్ళు పంచుకోవడం మన వాళ్ళ ఆచారం. ఏ డీలరు జాబితాలోనూ ఆ సూట్‌కేసు ఉండదు. టెక్సస్‌లో ఎన్ని ఫోన్లు చేసినా జగిత్యాలకు చేరవు.

"పిన్నిగారూ, ఇప్పుడే కలపండి. అక్కడ పొద్దున అయిదున్నర అవుతోంది."

ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. ఆరు సార్లు మోగింది. ఎత్తారు.

"ఏందక్కా, ఇంత పొద్దుగాల్నే? చాయ్ కూడా పెట్టలే ఇంకా. నువ్వు పంపిన మందే పెట్టిన పొయ్యి మీద."

"రాజమణిగారూ, నా పేరు హైమావతి, మీ అక్కగారి అమ్మాయి స్నేహితురాలిని. ఆ మందు తాగకండి. పొయ్యి ఆపండి."

"నువ్వేనా ఆ ఉడుము కథల హైమ? అక్క చెప్తది నీ గురించి, నవ్వలేక సస్తం!" అని నిజంగానే నవ్వింది. నా పేరు సముద్రాలు దాటింది, ఏ రకంగా దాటిందో అదే రకంగా నా మెడకు చుట్టుకుంది.

"నవ్వులాట కాదండీ. దాంట్లో వేరే వేరు కలిసింది. కిడ్నీలు పోతాయి."

"అమెరికాల గవర్నమెంటు చెక్ చేస్తదంట కదా అన్ని? ఎవరో చూసే కదా అమ్ముతరు?"

"చూసింది నేనే."

అవతల గిన్నె మూత మీద ఆవిరి చప్పుడు వినిపిస్తోంది.

"ఆరు సంచులు తెరిచి చూడాలి. నేను మూడే చూశాను. ఆరు చూశానని రాసి సంతకం పెట్టాను. నేను చూడని సంచిలోదే మీ పొయ్యి మీద ఉంది."

నా పక్కన కమలమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆవిడ వినడం నాకు తెలుస్తోంది. తల తిప్పే ధైర్యం లేదు.

"మా అక్క తాగిందా?" అంది రాజమణి.

"నాలుగు రోజులు."

స్టవ్ మీట నొక్కిన చప్పుడు. చెప్పుల చప్పుడు. తర్వాత, దూరంగా, నాపరాళ్ళ మీద నీళ్ళు పడ్డ చప్పుడు.

"పారబోసిన" అంది రాజమణి. "నేను నిన్న రెండు పూటలు తాగిన. ఏ పరీక్ష చేయించుకోవాలె, రాసుకుంట, చెప్పు."

చెప్పాను. మిగిలిన ముక్కలు పశువులకు అందకుండా కాల్చేయమన్నాను. సరేనంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఫోన్ పెట్టేశాక కమలమ్మ గారు కుర్చీలో కూర్చున్నారు. శిరీష ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు.

"నన్ను దవాఖానకు ఎప్పుడు తీస్కపోతవ్?" అన్నారు. కూతురిని కాదు, నన్ను.

ఆ తర్వాత

సోమవారం తీసుకెళ్ళాను. మొదటి రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే అంకె ఉండాల్సినదానికన్నా కొంచెం పైన ఉంది. అది ఆ వేరు వల్లో వయసు వల్లో చెప్పలేమన్నారు డాక్టర్. నెల నెలా వెళ్ళాం. వెళ్ళేటప్పుడు కారులో ఆవిడ మాట్లాడేవారు కాదు. నాలుగో నెలలో అంకె దిగింది. ఆ రోజు తిరిగి వస్తూ మాత్రం, "కూరగాయల దుకాణం కాడ ఆపు, బెండకాయలు కొంటా" అన్నారు. జగిత్యాలలో రాజమణి పరీక్షలు మొదటి నుంచీ బాగానే ఉన్నాయి.

ఉద్యోగం పోలేదు. ఒక ఏడాది పాటు నా సంతకం చెల్లదని వాంగ్ గారు రాశారు. నేను చూసిన ప్రతిదాన్నీ డెబ్బీ మళ్ళీ చూసేది. ఏళ్ళ తరబడి నా పక్కన కూర్చుని నా కథలకు నవ్విన పిల్ల, నా వెనక నిలబడి నేను తెరిచిన సంచులు లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు అని పైకే. ఆ ఏడాది నేను నేర్చుకున్నంత పని మిగతా పాతికేళ్ళలో నేర్చుకోలేదు. ఇప్పుడు మీలో ఎవరికైనా అలాంటి శిక్ష పడితే ఏడవకండి. లెక్కపెట్టేవాళ్ళు వెనక ఉండటం భాగ్యం.

డీలరు జాబితా వాంగ్ గారి బల్ల మీద ఉండేది. ఒక్కో పొట్లం దొరికినప్పుడల్లా ఒక్కో పేరు ఎదురుగా ఆయన పెన్సిల్‌తో గీత పెట్టేవారు. క్లినిక్‌లవాళ్ళు ప్రతి మనిషికీ ఫోన్ చేశారు, కొందరి ఇళ్ళకు వెళ్ళారు. రెండు నెలలకు అన్ని గీతలూ పడ్డాయి, ఒక్కటి తప్ప. ఒక క్లినిక్ కౌంటర్‌లో ఎవరో నోట్లిచ్చి ఒక పొట్లం కొనుక్కుని వెళ్ళారు. పేరు రాసుకోలేదు. పెద్దావిడ అని మాత్రం కౌంటర్‌లో పిల్ల చెప్పింది. కర్ర పట్టుకుని నడిచిందట.

ఆవిడ ఎవరో, ఎక్కడ ఉంటుందో, ఆ పొట్లం ఉడికించుకుందో, చేదుగా ఉందని మూలన పడేసిందో నాకు తెలియదు. వాంగ్ గారు పోయే వరకూ ఆ గీత పడలేదు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. దేని మీదైనా కథ అల్లగలను నేను. ఆవిడ మందు పారబోసిందనే కథ ఒక్కటి మాత్రం, తొమ్మిదేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, నన్ను నేను నమ్మించేలా అల్లలేకపోతున్నాను.